ఫియట్ కుడి తలుపు

జూన్ 11, సోమవారం

ఎవరికీ పంపని మెసేజ్ డ్రాఫ్ట్‌లో ఉండిపోతుందని పైన గదిలో ఉండే జగదీశ్వర్ అన్న చెప్పాడు. అందుకే ఇందులో రాస్తున్నా. ఫోన్ నాన్నది. నాన్నకు చదవడం రాదు. అమ్మ పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప ఇంకేదీ ముట్టుకోదు. భయం లేదు.

ఈ రోజు దుకాణం తెరిచాను. నలభై ఆరు రోజుల తర్వాత. షట్టర్ సగం దాకా వచ్చి ఆగింది. పక్క పంక్చర్ దుకాణం తిమ్మయ్య వచ్చి ఒక్క తన్ను తన్నితే పైకి పోయింది.

"మీ నాయిన ఎట్లున్నడు రా?" అన్నాడు.

తల ఊపాను.

"తల ఊపితే మంచిగున్నట్టా, లేనట్టా?"

మళ్లీ ఊపాను. నవ్వుకుంటూ పోయాడు.

ఫియట్ కారు వెనక తలుపులకు లోపలివైపు బిగించే ప్యాడ్లు రెండూ గోడకు ఆనించి అలాగే ఉన్నాయి. నాన్న ఏప్రిల్‌లో చేసినవి. ఆకుపచ్చ రెగ్జిన్, నిలువు గీతల కుట్టు, కింద సన్నటి తెల్ల అంచు. దుమ్ము తుడిచాను. కుట్టు ఒక్క చోట కూడా వంకర పోలేదు. ముందు తలుపులవి రెండు మిగిలాయి. వాటికి రెగ్జిన్ కుడుతూనే మిషన్ మీద పడిపోయాడు.

జూన్ 13

శ్రీపతి సార్ ఫోన్. ఫియట్ ఆయనదే. కట్ చేశాను. మళ్లీ చేశాడు. కట్ చేసి మెసేజ్ పెట్టాను. "మిషన్ చప్పుడు సార్. వినపడదు. మెసేజ్ చేయండి." మిషన్ ఆగే ఉంది.

సార్ పెద్ద మెసేజ్ పెట్టాడు. "ఏం రాజేశం, రెండు నెలలు ఎటు పోయినవయ్య? నేను మోకాలు ఆపరేషన్ చేయించుకొని ఇంట్ల పడున్న. ఆగస్టు 15కు పాత బండ్ల ర్యాలీ ఉంది. మా మేడం పక్కన కూసుంటది. తలుపులకు బట్టల్లేకుంట తీస్కపోతే నా ఇజ్జత్ పోతది."

"అయిపోతది సార్" అని కొట్టాను.

ఇది అబద్ధం కాదు. నాన్న ఫోన్ నుంచే కదా పోయింది.

జూన్ 14

పడిపోయిన నాటి నుంచి కదలని నాన్న కుడి చేతిలో బొటనవేలు కదిలింది. అమ్మ చూడలేదు. నేను చూశాను.

జూన్ 18, సోమవారం

దవాఖానలో డాక్టర్ అమ్మతో మాట్లాడుతుంటే నేను బయటికి వచ్చి మందుల చీటీ లైన్లో నిలబడ్డాను. లైన్ అవసరం లేదు. మందులు నిన్ననే తెచ్చాను.

ఇంటికొచ్చాక అమ్మ అంది, "దుకాణం ఇచ్చేద్దాం బిడ్డ. అశోక్‌నగర్‌ల జిరాక్స్ షాపాయన పిలగాడు కావాలంటుండు. పరీక్షలోళ్ల పుస్తకాలు జిరాక్స్ తియ్యాలె, గంతే. నోరు తెరిచే పని లేదు, నీకు సరిపోతది."

మంచం మీద నుంచి నాన్న అరిచాడు. మాట కాదు. ఉట్టి అరుపు. ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టాడు. నోటి పక్క నుంచి ఉమ్మి కారుతుంటే అమ్మ కొంగుతో తుడిచింది. నాన్న ఆమె చెయ్యి తోసేశాడు.

నేను అన్నాను, "ఫియట్ ఉంది."

ఇంట్లో నేను మాట్లాడితే అందరూ ఆగి చూస్తారు. అలాగే చూశారు.

"నాన్న కూసొని చెప్తడు. నేను చేస్త. ఫియట్ అయితే నాన్న పని చేస్తుండని అందరికి తెలుస్తది. మళ్ల పనులు వస్తయి."

అమ్మ నాన్నను చూసింది. "ఫియట్ అయిందాక. గా పని గిట్ట మంచిగ కాకపోతే ఇగ నన్ను అడగొద్దు. తాళం చెవి ఇచ్చేసుడే."

నాన్న ముఖంలో సగం నవ్వింది. రెండో సగం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది ఇప్పుడు.

జూన్ 25

నాన్నను ఆటోలో దుకాణానికి తెచ్చాను. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఆగితే ఒక పాత అంబాసిడర్‌ను చూసి ఏదో అన్నాడు. అర్థం కాలేదు. తల ఊపాను.

కుర్చీకి రెండు వైపులా ఫోం ముక్కలు కట్టాను, ఒరిగిపోకుండా. జగదీశ్వర్ అన్న కోచింగ్‌కు పోతూ ఆగాడు. "ఏంది పెద్దనాయినా, సింహాసనం చేయించుకున్నవా?" అంటే నాన్న ఎడమ చెయ్యి లేపి దీవించినట్టు చేశాడు. అన్న నా చెవిలో, "మెసేజ్‌లల్ల రాజేశం గారు మస్తు మర్యాదగ మాట్లాడుతుండు. అసలు రాజేశం గారు ఎన్నడన్న గట్ల మాట్లాడిండారా?" అన్నాడు.

నాన్న పడిపోక ముందు ఎవరితో అయినా అరిచే మాట్లాడేవాడు.

జూన్ 28

నాన్న ఎడమ కాలి చెప్పు కుడి కాలికి వేసుకుని, కాదంటే ఒప్పుకోలేదు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

జులై 2, సోమవారం

ముందు తలుపుల పాత ప్యాడ్లు చూశాం. కుడిది, అంటే డ్రైవర్ వైపుది, వాన నీళ్లకు ఉబ్బి పొరలు పొరలుగా ఊడిపోయింది. పట్టుకుంటే పిండి. ఎడమది బాగుంది. దాన్నే పెట్టి గీసి రెండు అట్టలు కోశాను. కిటికీ గ్లాసు తిప్పే హ్యాండిల్‌కు, చెయ్యి ఆనించే పట్టీకి, క్లిప్పులకు బెజ్జాలు కొట్టాను.

రెండు అట్టలూ ఒకే కొలత. వాటిలో ఒకటి ఎడమ, ఒకటి కుడి అయ్యేది రెగ్జిన్ ఏ ముఖానికి అతికించామన్న దానితోనే. అందుకే నాన్న బాణం గీస్తాడు. సుద్దముక్కతో, అట్ట వెనక ముఖం మీద, బండి ముందు వైపుకు మొన పెట్టి. బాణం ఉన్న ముఖం తలుపు లోపలికి పోతుంది. రెగ్జిన్ రెండో ముఖానికి. రెండు అట్టలనూ పక్కపక్కన ఒకేలా పరిచి పెడితే ఒకదానికి పైముఖం మీద, ఇంకోదానికి కిందిముఖం మీద రావాలి బాణం.

నేను పన్నెండేళ్లకు బడి మానేసి దుకాణంలో చేరినప్పుడు ఒకసారి అడిగాను, ఈ బాణం సరిగ్గానే ఉందా అని. ఇనుప స్కేలుతో వేళ్ల మీద కొట్టాడు. "బాణం పడ్డంక నోరు లేవొద్దు. నువ్వొకటి నేనొకటి అనుకుంట కత్తి పడితే చెయ్యి తెగుతది." మా దుకాణంలో అదే పద్ధతి. ఉస్తాద్ బాణం గీస్తాడు, మిగతావాడు చేస్తాడు. నాకు ఆ పద్ధతి ఇష్టం. మాట్లాడే పని లేదు.

జులై 5

నాన్న బాణాలు గీశాడు. ఎడమ చేత్తో. రెండు నెలల తర్వాత మొదటిసారి సుద్ద పట్టుకున్నాడు. అమ్మ టిఫిన్ డబ్బా తెచ్చింది అప్పుడే. గుమ్మంలో నిలబడి చూసింది. "మీ నాయిన పని చేస్తుండు" అని మెల్లగా అంది. నాతో కాదు. ఎవరితోనో.

జులై 6

ఏమీ చేయలేదు. వాన.

జులై 7

ఏమీ చేయలేదు. అతికించే సొల్యూషన్ డబ్బాలో గట్టిపడిందని కొత్తది తెచ్చాను. పాతది బాగానే ఉంది.

జులై 9, సోమవారం

అతికించాం. నాన్న చెప్పినట్టే.

జులై 10

కుట్టు బాగా వచ్చింది. నాన్న అరచేత్తో తడిమి "అ...చ్చం" అన్నాడు. వెనక తలుపులవి పక్కన పెట్టి చూస్తే తేడా తెలియదు. నాన్న చెప్పినట్టే చేశాను.

జులై 11

నాన్న చెప్పినట్టే చేశాను.

జులై 12

నాకు తెలుసు.

బాణం గీసిన రోజే తెలుసు. రెండు అట్టలూ పక్కపక్కన ఒకేలా ఉన్నాయి. రెండు బాణాలూ పైముఖం మీదే పడ్డాయి. నాన్న రెండో అట్టను బోర్లించలేదు, ఉన్న చోటే గుండ్రంగా తిప్పి గీశాడు. నేను చేత్తో చూపించాను, బోర్లించాలా అని. నాన్న కళ్లు పెద్దవి చేశాడు. పాత కళ్లు. స్కేలు చేతిలో ఉన్నప్పటి కళ్లు. అమ్మ గుమ్మంలో ఉంది.

తర్వాత రెండు రోజులు నా ముందే ఉన్నాయి అట్టలు. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి అటువైపు గీస్తే అయిపోయేది. నాన్న బాత్రూమ్‌కు పోయినప్పుడైనా తుడవొచ్చు. గుడ్డ తడిపాను కూడా. మళ్లీ అనుకున్నా, నలభై ఏళ్లు బాణాలు గీసినవాడు. నాకు తెలియనిది ఏదో ఉండి ఉంటుంది. ఫియట్‌కు వేరే పద్ధతి ఉండి ఉంటుంది.

ఫియట్‌కు వేరే పద్ధతి ఏమీ లేదు.

ఇప్పుడు రెండూ ఎడమవే.

జులై 14

కుడిదాని అంచు కొంచెం పీకి చూశాను. ఫోం చిరిగి రెగ్జిన్‌తోపాటే వస్తోంది. చెడకుండా ఊడదు. అట్ట మళ్లీ కోసుకోవచ్చు, అది పెద్ద పని కాదు. రెగ్జిన్ లేదు. ఆ రోల్ నాన్న ఎక్కడో పాత సరుకులోంచి తెచ్చాడు. నాలుగు తలుపులకు సరిగ్గా సరిపోయింది.

ముక్క పట్టుకుని బషీర్‌బాగ్, కోఠి, రాణీగంజ్ తిరిగాను. ఒక దుకాణంలో ముసలాయన ముక్కను వెలుతురులో పెట్టి చూసి, "ఇది నేను పెండ్లిగాక ముందు అమ్మేటోన్ని బేటా. నాకిప్పుడు మన్మలు" అన్నాడు. అక్కడున్న అందరూ నవ్వారు. ముదురాకుపచ్చ ఒకటి చూపించాడు. పక్కన పెడితే అతుకు వేసినట్టు ఉంది.

జులై 16

శ్రీపతి సార్ మెసేజ్: "రాజేశం, అయినయా?"

"అయినయి సార్. ఆదివారం మా పిలగాన్ని పంపుత. ఫిట్ చేస్తడు."

ఈ లోపల ఏదో ఒకటి జరుగుతుంది. రెగ్జిన్ దొరకొచ్చు.

జులై 19

నాన్న బొటనవేలు మళ్లీ కదిలినట్టు అనిపించింది. ఫ్యాన్ గాలికి దుప్పటి కదిలింది.

జులై 22, ఆదివారం

నాలుగు ప్యాడ్లూ ఆటోలో పెట్టుకుని అశోక్‌నగర్ పోయాను. నాన్న గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూశాడు. పెండ్లికి పంపినట్టు.

బిస్కెట్ రంగు ఫియట్. గేటు లోపల నీడలో ఉంది. వెనకవి రెండూ పెట్టాను. టక్ టక్‌మని క్లిప్పులు కూర్చున్నాయి. ముందు ఎడమది పెట్టాను. అదీ కూర్చుంది. సార్ భార్య విద్యావతి మేడం చాయ్ తెచ్చింది. తలుపు తీసి లోపల కూర్చుని రెగ్జిన్ మీద చెయ్యి పెట్టింది. "ఏవండీ, గిది అచ్చం మనం కొన్న రోజు ఉన్నట్టే ఉంది" అని లోపలికి కేకేసింది. "నువ్వు రాజేశం కొడుకువా బిడ్డ? మీ నాయిన చేతిల మహిమ ఉంది."

చాయ్ తాగాను. చల్లారేదాకా తాగాను. గ్లాసు కడిగి ఇస్తానంటే మేడం వద్దంది.

సార్ కర్ర పట్టుకుని వచ్చాడు. పొడుగ్గా, పల్చగా ఉన్నాడు. నాలుగో ప్యాడ్ గోడకు ఆనించి ఉంది. దాన్ని చూశాడు. కుడి తలుపును చూశాడు. మళ్లీ దాన్ని చూశాడు. గ్లాసు హ్యాండిల్ బెజ్జం ఉండాల్సిన చోట లేదని ఎవరికైనా కనిపిస్తుంది.

"ఇది గూడ ఎడమదే కద బాబు?"

వంగి మిగిలిన క్లిప్పులు ఏరుకున్నాను.

"రెండు ఎడమ తలుపులున్న బండి నా తాన లేదయ్య. రాజేశం ఎన్నడు ఇట్ల చెయ్యలే. ఏమైంది?"

జేబులోంచి ఫోన్ తీశాను. సార్ ముందే నిలబడి కొట్టాను. "తప్పు నాది సార్. నాన్నది కాదు. నాన్న సరిగ్గనే గీసిండు." పంపాను.

సార్ చొక్కా జేబులో ఫోన్ కూసింది. తీసి, కళ్లజోడు పైకి జరిపి చదివాడు. చాలాసేపు చదివాడు. మూడు ముక్కలే ఉన్నాయి అందులో.

"మీ నాయినకు సంతకం గూడ రాదు బాబు" అన్నాడు. "నేను బ్యాంకుల ఉన్నప్పుడు ఆయనకు ఖాతా తెరిచింది నేనే. ఏలిముద్ర పెట్టిచ్చిన. నీ మొదటి మెసేజ్ నాడే నాకు తెల్సింది. ఎవ్వలు రాస్తుర్రో తెల్వలే గని, ఆయన కాదని తెల్సింది."

నేల చూస్తూ నిలబడ్డాను. నాకెందుకు తట్టలేదు? నాన్నకు చదవడం రాదనే కదా ఈ ఫోన్‌లో ఇవన్నీ రాస్తున్నాను.

"ఏమైంది ఆయనకు?"

నా కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని వదిలేశాను. అది కిందికి పడింది. సార్‌కు అర్థమైంది. మేడం కూర్చున్నచోటే కళ్లు తుడుచుకుంది. కొత్త రెగ్జిన్ మీద చెయ్యి తీసేసింది.

జులై 23

నాన్నకు చెప్పాను, నాలుగూ కూర్చున్నాయని.

జులై 25, బుధవారం

శ్రీపతి సార్ కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నేను వద్దని మెసేజ్ పెట్టాను. అయినా వచ్చాడు. నాన్న లేవబోయి కుర్చీలో పక్కకు ఒరిగాడు. సార్ ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందయ్య రాజేశం, నా మోకాలును జూసి నువ్వు గూడ కూసున్నవా?"

నాన్న నవ్వాడు. తర్వాత కష్టపడి, ఒక్కో ముక్క కూడగట్టుకుని అడిగాడు. "సార్... కుడి... తలుపు... కూసుందా?"

నాలుగు తలుపుల్లో అదొక్కటే అడిగాడు.

సార్ నా వైపు చూడలేదు. "కూసుంది రాజేశం. మంచిగ కూసుంది."

నాన్న ఆయన ముఖాన్ని చూస్తూనే ఉన్నాడు. సార్ కర్ర మీద చేతులు మార్చుకున్నాడు. ఇంకేదో చెప్పబోయి, ఎండ గురించి మాట్లాడాడు. వాన పడుతోంది అప్పుడు.

పోయేటప్పుడు బయట నాతో అన్నాడు, "వేరే ఆకుపచ్చ వద్దు బాబు. మేడం కూసునే దిక్కు ఉంది కద, చాలు. నా తలుపు గట్లనే ఉండనీ." కొంచెం ఆగి, "నువ్వు జర నోరు తెరువు కరుణాకర్. నీకు ముందే తెల్సినట్టుంది. గీసిననాడే తెరిస్తే నాలుగు అయిపోయేటియి" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ నాలుగో ప్యాడ్‌ను దుకాణంలో ఫోం షీట్ల వెనక దాచాను.

జులై 30

పనులు రాలేదు.

ఆగస్టు 6

పనులు రాలేదు. ఒకాయన సీట్ కవర్ ధర అడిగాడు. నేను జవాబు చెప్పే లోపే పోయాడు.

ఆగస్టు 15, బుధవారం

సార్ మెసేజ్: "పోయొచ్చినం. మేడం ఖుషీ." ఇంకేమీ రాయలేదు. డ్రైవర్ వైపు తలుపు లోపలి రేకు, తీగలు కనిపిస్తూ నడిపి ఉంటాడు. చూసినవాళ్లు అడిగి ఉంటారు, ఎవరు చేశారని.

నాన్న అడిగాడు, బండి పోయిందా అని. పోయిందన్నాను. అమ్మ అడిగింది, ఇక ఏ పని ఉంది అని. నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

ఆగస్టు 20, సోమవారం

నేను దారం కోసం చిక్కడపల్లి పోయాను. అరగంట. వచ్చేసరికి ఫోం షీట్లు కింద పడి ఉన్నాయి. నాన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీలోంచి పడ్డాడో, దిగాడో తెలియదు. ఒళ్లో నాలుగో ప్యాడ్ ఉంది. బోర్లించి.

సుద్ద బాణం ఇంకా ఉంది దాని మీద. వంకరగా, ఎడమ చేత్తో గీసింది.

నేను గుమ్మంలోనే ఆగాను. "నేనే తప్పు అతికించిన నాన్న" అన్నాను. అది గట్టిగానే వచ్చింది. అవసరం తీరిపోయాక నాకు మాటలు వస్తాయి.

నాన్న కాదన్నట్టు తల ఊపాడు. బాణం మీద వేలు పెట్టి చూపించాడు. తర్వాత ఆ వేలు తన గుండె మీద పెట్టుకున్నాడు.

నీళ్ల డబ్బాలో గుడ్డ ఉంది. దాన్ని ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఎడమ చేత్తో బాణం తుడిచాడు. ఒకసారి తుడిస్తే పోయింది. పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. అట్ట తడిసి నల్లబడింది.

"ఇగ... నన్ను... అడగకు" అన్నాడు.

సుద్దముక్క నా చేతిలో పెడతాడేమో అనుకున్నా. పెట్టలేదు. జేబులో వేసుకున్నాడు.

ఆగస్టు 21

నాన్న దుకాణానికి రానన్నాడు.

ఆగస్టు 22

రానన్నాడు. తాళం చెవి ఇచ్చేశాం. మిషన్‌ను తిమ్మయ్య చెప్పిన మనిషి తీసుకుపోయాడు. నాలుగో ప్యాడ్ ఇంటికి తెచ్చాను. మంచం కింద ఉంది. ఎందుకు తెచ్చానో తెలియదు.

ఆగస్టు 24, శుక్రవారం

నాన్నకు జావ తాగిస్తుంటే ఫోన్ మోగింది. కొత్త నంబర్. ఎప్పటిలా కట్ చేయబోయాను. నాన్న ఫోన్ వైపు చూశాడు, తర్వాత నా వైపు. మోగుతూనే ఉంది.

పచ్చ బటన్ నొక్కాను.

"హలో, రాజేశమేనా? మారుతి ఉందన్నా, పాతది, తలుపుల ప్యాడ్లు చేసుడుంది. మా బావ నీ నంబర్ ఇచ్చిండు. ఫియట్‌ది చేసినవట కద, మస్తు చేసినవట."

"రాజేశం కాదన్నా. నేను ఆయన కొడుకును."

"ఆయనకియ్యి మరి."

నాన్న నన్నే చూస్తున్నాడు. గదిలో ఎక్కడికీ పోవడానికి లేదు. మంచానికీ గోడకూ మధ్య కూర్చున్నాను, చెంచా చేతిలో ఉంది.

"ఆయన పని చేస్తలేడన్నా."

"ఎప్పటికెల్లి చేస్తడు?"

"ఇగ చెయ్యడు."

"అయ్యో. మరి నువ్వు చేస్తవా?"

"లేదన్నా. దుకాణం లేదు."

పెట్టేశాడు.

నాన్న కొంచెంసేపు గోడ వైపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. ఇంకో చెంచా పెట్టాను.